పూలలోయ వచ్చే ఏడు, ఈ అక్టోబరుకి తీర్థన్

ప్రశ్న: అప్పా, నమస్తే. మాది పర్లాకిమిడి. నేను బడిలో టీచర్ని. మా ఆయనకి బజార్లో మందుల షాపు ఉంది. అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. మా తమ్ముడు గుణుపురంలో ఉంటాడు. నలుగురం కలిసి దసరా సెలవుల్లో, అక్టోబరు మూడో వారంలో బయల్దేరి హిమాలయాల్లో ఒక నేషనల్ పార్కు నడిచి చూడాలనుకుంటున్నాం. అమ్మాయి ఫోన్లో వేలీ ఆఫ్ ఫ్లవర్స్, అదే పూలలోయ, ఫొటోలు చూసి అక్కడికే వెళ్దామంటోంది. బదరీనాథ్ దగ్గరే అని తెలిసి మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకి 66 ఏళ్లు, బీపీ ఉంది. మా అనుభవమంతా శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడమే. మా ఆయనకి దిగుడులో మోకాలు నొప్పి పుడుతుంది. మొత్తం పన్నెండు రోజులు వీలవుతుంది. ఎలా ప్లాన్ చేసుకోమంటారు?
– ఒక టీచర్, పర్లాకిమిడి

సమాధానం: అక్కని పిలిచే అప్పా అనే మాట ఈ మధ్య ఉత్తరాల్లో కనిపించడం లేదు, అందరూ మేడమ్ అనేస్తున్నారు. ఆ ఒక్క మాటతో నన్ను ఇంట్లో మనిషిని చేశారు కాబట్టి ఇంట్లో మనిషిలాగే చెబుతాను చెల్లీ. ఈ అక్టోబరులో పూలలోయకి వెళ్లకండి. బదరీనాథ్‌ని ఈ నడకతో కలపకండి. మీరు నలుగురూ హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కుకి, తీర్థన్ లోయ వైపు నుంచి వెళ్లండి. ఎందుకో చెబుతాను.

అమ్మాయి చూసిన ఫొటోలు జూలై మధ్య నుంచి ఆగస్టు ఆఖరు లోపు తీసినవై ఉంటాయి. పూలలోయని జూన్ 1న తెరిచి అక్టోబరు 31న మూస్తారు. తెరిచి ఉన్నన్నాళ్లూ పూలుంటాయని చాలామంది పొరబడతారు. అక్కడి పూలు వానాకాలం పూలు. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లండు పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ ఆ లోయలోకి దిగి నిలబడిపోయింది కూడా వానల్లోనే. సెప్టెంబరు సగం దాటేసరికి మొక్కలు గింజ కట్టి వాలిపోతాయి. మీరు వెళ్లేసరికి లోయంతా ఎండుగడ్డి రంగులో ఉంటుంది. దానికీ ఒక అందం ఉంది. కానీ పూల కోసం రెండు వేల కిలోమీటర్లు వచ్చిన పిల్ల కళ్లకి అది ఆనదు.

రెండో ఇబ్బంది రాత్రి పడుకునే చోటు. పూలలోయలో టెంటు వేసుకోనివ్వరు. పొద్దున్న వెళ్లి సాయంత్రానికి ఘాంగరియాకి తిరిగి రావాలి. ఆ ఊరు ముఖ్యంగా హేమకుండ్ సాహెబ్ అనే సిక్కుల పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికుల మీద బతుకుతుంది. హేమకుండ్‌ని మామూలుగా అక్టోబరు రెండో వారానికల్లా మూసేస్తారు. ఆ తర్వాత ఊరు ఊరంతా కిందికి దిగిపోవడం మొదలవుతుంది. ఒకసారి నేను సరిగ్గా ఆ రోజుల్లో అక్కడ ఉన్నాను. సాయంత్రం నాలుగింటికి వీధి పొడుగునా సుత్తి చప్పుడే. హోటళ్ల వాళ్లు కిటికీలకి చెక్కలు కొడుతున్నారు, పరుపులు చుట్టి కంచర గాడిదల మీద కడుతున్నారు. పొయ్యి వెలుగుతున్న ధాబా ఒక్కటే మిగిలింది. తెల్లారి బకెట్లో చెంబు ముంచబోతే టక్కుమంది, పైన అప్పడమంత మందాన మంచు పేరుకుంది. మొదటిసారి హిమాలయాలకి వెళ్లే కుటుంబానికి నేను చెప్పే చోటు అది కాదు.

ఇప్పుడు తీర్థన్ సంగతి. గ్రేట్ హిమాలయన్ పార్కు కులు జిల్లాలో ఉంది. 1984లో ఏర్పాటై, 1999లో అధికారికంగా నేషనల్ పార్కు అయింది, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. విస్తీర్ణం 754 చదరపు కిలోమీటర్లు. లోపల రోడ్డు లేదు, హోటల్ లేదు, కొట్టు లేదు. ఎంత దూరం చూడాలన్నా కాళ్ల మీదే. తీర్థన్, సైంజ్, జీవా, పార్వతి అని నాలుగు లోయలు ఉన్నాయి. మీలాంటి వాళ్లకి తీర్థన్ దారి మంచిది, ఎందుకంటే మొదటి రోజంతా నది పక్కనే మెల్లగా ఎక్కుతూ పోతుంది.

గుషైని అనే ఊరి దగ్గర నడక మొదలు. మీకొక లెక్క చెబుతాను. మన మహేంద్రగిరి శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. గుషైని ఊరే దాదాపు ఆ ఎత్తున ఉంటుంది. అంటే మీరు ఇన్నాళ్లూ ఆయాసపడి ఎక్కి కుంతి గుడి దగ్గర ఊపిరి పీల్చుకున్న చోటు నుంచి అక్కడ నడక మొదలవుతుంది. అక్కడి నుంచి దాదాపు 10 కిలోమీటర్లు నడిస్తే పార్కు గేటు దాటగానే రోల్లా అనే మకాం వస్తుంది, ఎత్తు సుమారు 2,100 మీటర్లు. దాని పైన షిల్ట్ అనే చోటు దాదాపు 3,100 మీటర్లలో ఉంది. రోల్లా నుంచి షిల్ట్ వరకు అడవిలో నిలువు ఎక్కుడు.

గైడ్లు మామూలుగా మొదటి రాత్రి రోల్లాలో, రెండో రాత్రి షిల్ట్‌లో పడుకునేలా ప్లాన్ ఇస్తారు. మీరు దానికి ఒప్పుకోకండి. రెండు రాత్రులూ రోల్లాలోనే ఉంటామని ముందే చెప్పండి. రెండో రోజు టెంట్లు అక్కడే వదిలేసి, నీళ్లు, తిండి, చలి కోట్లు మాత్రం తీసుకుని షిల్ట్ వైపు ఎక్కండి. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. పది నిమిషాల్లో పైకి చేరతామని తమ్ముడు బతిమాలినా తిరగాలి. ఆ వారంలో అక్కడా సూర్యాస్తమయం ఐదున్నర దాటాకే. కానీ లోతు లోయల్లో ఎండ మూడింటికే కొండ చాటుకి పోతుంది. ఎండ పోయిన మరుక్షణం చలి ఒంటిని పట్టుకుంటుంది. వేళ్లు కొంకర్లు పోయి బూటు తాడు కట్టుకోవడం కూడా కష్టమవుతుంది. రాళ్ల మీద పడ్డ ఆకులు తడిసి జారతాయి. అలిసిన కాళ్లతో మసక వెలుతురులో దిగేటప్పుడు పడే ప్రమాదం ఎక్కువ, అందుకే పన్నెండున్నర మీద ఇంత పట్టు పడుతున్నాను.

అక్కడే పడుకోవద్దనడానికి ఇంకో కారణం గాలి. 3,000 మీటర్ల ఎత్తులో, సముద్రమట్టం దగ్గర దొరికే ఆక్సిజన్‌లో దాదాపు 70 శాతమే ఊపిరికి అందుతుంది. ఒళ్లు దానికి అలవాటు పడుతుంది గానీ టైం ఇవ్వాలి. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలైతే అలసట అని సరిపెట్టుకోవద్దు. తలనొప్పి ఉన్న మనిషి ఇంకొక్క అడుగు పైకి వేయకూడదు. అది పెరుగుతుంటే, నడక తూలుతుంటే, వెంటనే కిందికి దింపాలి, రాత్రయినా సరే. ఎత్తులో వచ్చే ఈ ఇబ్బంది రాకుండా ఎసిటజోలమైడ్ మాత్రలు వేసుకోవడం మామూలే. మీ ఆయన షాపులో ఉన్నాయి కదా అని మీకు మీరే మొదలుపెట్టకండి. సల్ఫా మందులు పడనివాళ్లకి అది ప్రమాదం. డాక్టర్ని అడిగి, మీరు వెళ్లే ఎత్తుకి అసలు అవసరమో కాదో తేల్చుకోండి.

అక్టోబరులో మీకు దొరికేది ఏమిటో కూడా చెప్పాలి కదా. వానలు వెళ్లిపోయి దుమ్ము కడిగేసిన ఆకాశం. అది అంత నీలంగా ఉంటుందని ఫొటో చూస్తే నమ్మలేం. నది బురద తేరి అద్దంలా అవుతుంది, రాయి రాయీ కనిపిస్తుంది. అక్రోటు చెట్ల ఆకులు పసుపెక్కి రాలుతుంటాయి. ఊళ్లలో పలకరాళ్ల కప్పుల మీద మొక్కజొన్న కండెలు ఆరబోస్తారు. పొలాల్లో తోటకూర జాతి పంట కంకులు ముదురు ఎరుపులో వాలి ఉంటాయి. ఆడవాళ్లు చలికాలానికి గడ్డి కోసి, వీపు నిండా మోపులు కట్టుకుని నడుస్తుంటారు. నీలం, ఆకుపచ్చ, రాగి రంగులు కలిసిన మోనాల్ పక్షి పైఎత్తుల్లో కనిపించే అవకాశం ఉంది. ఆ పార్కుకి పేరు తెచ్చిన జుజురానా అనే నెమలి జాతి పక్షి మాత్రం మహా బిడియస్తురాలు. జుజురానా అంటే వాళ్ల మాటలో పక్షుల రాజు. కనిపించకపోతే బెంగపడకండి, అది ఉండే అడవిలో రెండు రాత్రులు పడుకున్నారు.

ఇంటి దగ్గర అక్టోబరుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అక్కడ శరత్తు తేటబడే రోజుల్లోనే మనకి తుఫాను భయం. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. తర్వాతి ఏడు అదే తేదీకి హుద్‌హుద్ విశాఖని కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు వచ్చి మీ గజపతి జిల్లాని ఏం చేసిందో నేను మీకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు రైళ్లు రద్దవుతాయి. కాబట్టి పన్నెండు రోజుల్లో ఒక రోజు ఖాళీగా వదలండి, గుషైనిలో హోమ్‌స్టేకి, గైడుకి డబ్బులు కట్టేటప్పుడు తేదీ మార్చుకునే వీలుందా అని అడగండి. అక్కడి దారి గురించీ అడగాలి. 2023లోనూ 2025లోనూ వానలకి కులు జిల్లాలో రోడ్లు, వంతెనలు బాగా దెబ్బతిన్నాయి. బయల్దేరే వారం ముందు ఫోన్ చేసి, నది మీద కాలివంతెనలు ఉన్నాయా, రోల్లా దారి తెరిచి ఉందా అని స్వయంగా కనుక్కోండి.

ప్రయాణానికి మీకు రెండు దారులు. రాయగడలో గానీ విజయనగరంలో గానీ సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీలోని నిజాముద్దీన్‌లో దిగుతారు. అది రోజూ ఉండదు, ముందు రోజులు చూసుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, దసరా రద్దీలో ఆ మొదటి రోజు పొద్దున్నే కూర్చోకపోతే దొరకదు. డబ్బు కుదిరితే వెళ్లేటప్పుడైనా విశాఖ నుంచి ఢిల్లీకి విమానం ఎక్కండి, ఒక రోజు పైగా మిగులుతుంది. ఢిల్లీ నుంచి మనాలి వెళ్లే రాత్రి బస్సులో ఔట్ అనే ఊరి దగ్గర దిగాలి, కండక్టరుకి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే నిద్రలో దాటిపోతారు. అక్కడి నుంచి టాక్సీలో బంజార్ మీదుగా గుషైని. ఏటీఎం పని బంజార్లోనే ముగించండి. పార్కు పర్మిట్ బంజార్ దగ్గర సాయి రోపాలోని అటవీ శాఖ ఆఫీసులో ఇస్తారు. ఆధార్ జిరాక్సులు, ఫొటోలు పట్టుకెళ్లండి. చేరిన రోజు, మర్నాడు గుషైనిలోనే ఉండి ఊళ్లు తిరగండి. తర్వాత మూడు రోజులు పార్కు. ఒక రోజు మిగిలితే టాక్సీలో జలోరీ కనుమకి, 3,100 మీటర్లు దాటిన ఎత్తుకి వెళ్లి, అడవిలో సుమారు 5 కిలోమీటర్లు నడిచి సెరోల్‌సర్ చెరువు చూసి రండి. మీ ఉత్తరం చదివితే ఆ చెరువు మీకు అన్నిటికన్నా నచ్చుతుందనిపిస్తోంది.

మోకాలి గురించి. ఎక్కుడులో రాని నొప్పి దిగుడులో వస్తోందంటే చాలామందిలో కారణం తొడ ముందు కండరం. దిగేటప్పుడు అది సాగుతూ ఒంటి బరువుని ఆపాలి. దానికి బలం చాలకపోతే భారం మోకాటి చిప్ప మీద పడుతుంది. వాపు వచ్చినా, మోకాలు పట్టేసినట్టు ఆగిపోయినా ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. అవి లేకపోతే ఈ రోజే మొదలుపెట్టించండి. మేడ మెట్లు మామూలుగా ఎక్కి, దిగేటప్పుడు ఒక్కో మెట్టుకి మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. మొదటి వారం రోజుకి ఐదుసార్లు, తర్వాత పెంచాలి. రెండు ట్రెకింగ్ కర్రలు కొనండి, దిగుడులో వాటిని కాస్త పొడుగు చేసి ముందు కర్ర, తర్వాత కాలు వేయమనండి. అడుగులు చిన్నవి వేయాలి.

మిగతా ముగ్గురూ కూడా ఎనిమిది వారాలు తయారవ్వాలి. వారంలో నాలుగు రోజులు గంట చొప్పున చురుగ్గా నడక. ఆదివారం సంచిలో ఐదు కిలోల బియ్యం వేసుకుని కొండ ఎక్కడం. మహేంద్రగిరికి వెళ్తే బండి పోయినంత మేర బండిలో పోకుండా కింద ఊరి దగ్గరే దిగి నడవండి. ఉరుములు, పొగమంచు ఉన్న రోజు వద్దు. అలా రెండుసార్లు ఎక్కి, మర్నాడు బడికి మామూలుగా వెళ్లగలిగితే రోల్లా మీకు కష్టం కాదు. మీ నలుగురిలో ఎవరు నెమ్మదిగా నడుస్తారో అప్పుడు తేలిపోతుంది. అక్కడ ఆ మనిషిని ముందు నడిపించండి, తమ్ముడిని చివర్న పెట్టండి.

బూట్లు ఇప్పుడే కొనండి. నేను మొదటిసారి బయల్దేరే రెండు రోజుల ముందు, కాలికి అతికినట్టున్నాయని మురిసి కొన్నాను. దిగుడులో వేళ్లు ముందుకి గుద్దుకుని రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి, రెండు నెలలకి ఊడిపోయాయి. సాయంత్రం పూట, కాళ్లు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, మందం మేజోళ్లు వేసుకుని చూడండి. నిలబడి కాలు ముందుకి తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. ఎనిమిది వారాలూ అవే వేసుకుని నడవండి. వెళ్లే ముందు రోజు గోళ్లు కత్తిరించుకోండి.

బట్టల్లో ఒకటే మాట: నడిచేటప్పుడు కాటన్, జీన్స్ వద్దు. చెమటకి తడిస్తే ఆరవు, ఎండ పోగానే ఆ తడే ఒళ్లంతా చల్లబరుస్తుంది. లోపల థర్మల్స్, పైన ఫ్లీసు, ఆ పైన గాలీ వానా ఆపే జాకెట్, ఉన్ని టోపీ, చేతి తొడుగులు. తలకి కట్టుకునే టార్చి తలా ఒకటి. తిండి గైడ్ల బృందం వండుతుంది. జేబులో మాత్రం మీ దగ్గరి పలాస జీడిపప్పు గుప్పెడు, బెల్లం వేరుశనగ అచ్చులు ఉంచుకోండి. వేయించిన చోడిపిండి ఒక పొట్లం పట్టుకెళ్తే పొద్దున్నే వేడి జావ తాగొచ్చు, ఆ చలికి అంత హాయి ఇంకోటి లేదు.

అమ్మాయికి నెలసరి ఆ రోజుల్లో వచ్చినా నడక మానక్కర్లేదు. ప్యాడ్లు ఎక్కువే పెట్టండి, వాడినవి వేయడానికి నల్ల కవర్లు, వాటికి జిప్ కవరు పెట్టండి. అవి అక్కడ పాతకుండా బంజార్ దాకా వెనక్కి తేవాలి. కాలకృత్యాలకి నీటికి కనీసం అరవై మీటర్ల దూరం వెళ్లాలి. ఈ మాటలు బయల్దేరే ముందే అమ్మాయితో మాట్లాడండి, పిల్లలు అడగడానికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేస్తారు, దాంతో తలనొప్పి వస్తుంది.

గైడుని గుషైని చుట్టుపక్కల ఊళ్ల నుంచే పెట్టుకోండి, బేరం మరీ గట్టిగా చేయకండి. 1999కి ముందు ఆ ఊళ్లవాళ్లు పార్కు లోపలికి గొర్రెలు తోలుకెళ్లేవారు, మూలికలు ఏరుకునేవారు. పార్కు అయ్యాక అవి పోయాయి. ఇప్పుడు మీ సంచి మోసే కుర్రాడి తాత అదే దారిలో మంద తోలిన మనిషి అయి ఉంటాడు. కొండ అంటే ఆ చుట్టూ ఉన్నవాళ్లకి ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు, 2013లో నియమగిరిలో పన్నెండు ఊళ్ల గ్రామసభలు కొండ మీద బాక్సైటు తవ్వకం వద్దని ఒక్కమాటగా చెప్పడం మన పక్కనే చూశాం. సాయంత్రం మంట దగ్గర ఆ కుర్రాడిని అడగండి, వాళ్ల తాతల కాలంలో ఆ మకాం పేరేమిటో, అక్కడ ఏం మేపేవారో చెబుతాడు.

ఇక అత్తగారు. ఆవిడ కోరిక బదరీనాథ్, మన నడక కాదు. బదరీనాథ్ 3,100 మీటర్లకి పైన ఉంది. అక్టోబరు ఆఖర్లో రాత్రులు సున్నాకి దిగుతాయి. గుడి మూసే తేదీ విజయదశమి నాడు ప్రకటిస్తారు, మామూలుగా అది నవంబరులో పడుతుంది. అంటే దర్శనం దొరుకుతుంది గానీ, బీపీ ఉన్న పెద్దావిడని పూలలోయ నడిచే వాళ్ల వెంట ఆ చలిలో, పరుగుల మీద తిప్పడం నాకు ఇష్టం లేదు. మీ వేసవి సెలవుల్లో గుడి తెరిచే ఉంటుంది. మే నెలలో ఆవిడ కోసమే ఒక ప్రయాణం పెట్టుకోండి. బయల్దేరే ముందు డాక్టరుకి చూపించి, యాత్ర రిజిస్ట్రేషన్ చేయించి, హరిద్వార్ నుంచి ఒక్క రోజులో లాగేయకుండా దారిలో రెండు రాత్రులు ఆగుతూ వెళ్లండి. వేడినీటి తప్తకుండంలో స్నానం, దర్శనం, కుదిరితే బండిలో మానా ఊరు. ఈ అక్టోబరులో మీరు వెళ్తున్నప్పుడు, మే నెల ప్రయాణం తేదీ ఆవిడ ముందు క్యాలెండరులో గుర్తు పెట్టి మరీ వెళ్లండి. అమ్మాయి పూలకి వచ్చే ఏడు ఆగస్టు మొదటి వారం, కాలేజీకి ఓ వారం సెలవు పెడితే సరిపోతుంది.